నీడలు లేని శ్రోత

ఫోన్లో కబుర్లు చెప్పుకునే ‘ముచ్చట’ సమూహంలో కొత్తగా చేరిన వంటావిడకు తరళ కొన్ని నీడల్ని, అంటే మనుషుల్లా వినే యంత్రపు శ్రోతల్ని, కేటాయించింది. పొడుపుకథల మాస్టారి దగ్గర మాత్రం తగ్గించింది. ఆయనకు వినే మనుషులు దొరికారు. దొరకనివాళ్ళకే నీడలు. అవి వింటాయి, నవ్వుతాయి, అదను చూసి ‘అయ్యో’ అంటాయి. ఆ మెప్పు రుచి చూసినవాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చి మాట్లాడతారు. మెప్పులు కూడితే ఇంటికి బహుమతులు వస్తాయి. ‘ముచ్చట’ సమూహం పెరిగిందంతా అలాగే.

విశాఖలోని ఆ ఆఫీసు అంతస్తులో మిగిలిన మనిషి తరళ ఒక్కతే. మిగతా బల్లల మీద దుమ్ము. ఆమె మధ్యాహ్నం డబ్బా విప్పుకునేది కూడా తెర ముందే, సింహాద్రి కబుర్లు వింటూ.

సింహాద్రి భీమిలికి ఆవల నడిసముద్రంలో గాలిమరలకు కాపలా ఉంటాడు. వాన వచ్చే ముందు నీళ్ళు ఏ రంగుకు తిరుగుతాయో, దారి తప్పిన పక్షి తన కంచంలో ఎలా తిందో చెబుతాడు. అతని కబుర్లు వినడానికి మనిషన్నవాడు ఒక్కడూ రాలేదు. తరళలాంటి ఉద్యోగి వినడం లెక్కలోకి రాదు.

“నా డ్యూటీ అయిపోనాది,” అన్నాడతను ఆ రోజు. “పడవ అంపుతామన్నారు. మా అప్ప ఒకటే ఫోన్లు, ఒచ్చీరా తమ్ముడూ అని. నానే వద్దన్నాను. ఇంతమంది నాకోసం కూకుంటే ఒగ్గీసి ఎలాగెల్తాను?”

“వెళ్ళకండి,” అన్నాయి నీడలన్నీ. ఒక నీడ వెక్కి ఏడ్చింది.

తరళ డబ్బా మూత పెట్టేసింది. హైదరాబాదులో ఉన్న పై అధికారి జనార్దన్‌కు ఫోన్ చేసింది.

“సార్, ఆయన మన నీడల కోసం అక్కడే ఉండిపోతున్నాడు.”

“సంతోషంగానే ఉన్నాడు కదమ్మా. రోజూ మాట్లాడుతున్నాడు. కదిలించకు.”

“వాళ్ళక్క ఎదురుచూస్తోంది సార్.”

“అది మన పని కాదు తరళా.”

ఫోన్ పెట్టేసి ఆమె కాసేపు ఖాళీ బల్లలకేసి చూసింది. తర్వాత సింహాద్రి దగ్గరున్న నీడలన్నిటినీ ఆపేసి, సొంత పేరుతో అతని శ్రోతగా చేరింది. అతని తెర మీద శ్రోతల సంఖ్య ఒకటికి పడిపోయింది.

సింహాద్రి మాట మధ్యలో ఆగిపోయాడు. అలల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

“అందరూ ఏటైపోనారు? ఈ ఒక్కరూ ఎవులు?”

“నా పేరు తరళ. ఇక్కడ పనిచేస్తాను. మిగతావాళ్ళు మనుషులు కారండీ. మేమే పెట్టాం.”

“ఇన్నాళ్ళూ?”

“ఇన్నాళ్ళూ.”

తిడతాడనుకుంది తరళ. తిట్టినా బాగుండుననిపించింది.

“ఆ పిట్ట నా కంచంలో తిన్నాదని సెప్పినప్పుడు,” అన్నాడతను, “నువ్వూ ఇన్నావా?”

“విన్నానండీ. నవ్వాను కూడా.”

“అయితే సరే,” అన్నాడు. “పడవ అంపమంటాను.”

వెళ్ళే ముందు అతను సమూహంలో అందరికీ వినిపించే ఉమ్మడి గదిలో ఒక్క ముక్క చెప్పిపోయాడు: “నన్ను ఇన్నది ఒక్క మనిషే. మీ సంగతి అడిగి సూసుకోండి.”

వంటావిడ అడిగింది. తర్వాత ఇంకెవరో, ఆ తర్వాత తెర నిండా అదే ప్రశ్న: నన్ను వింటున్నది ఎవరు? జనార్దన్ ఫోన్ మోగుతూనే ఉంది. తరళ ఎత్తలేదు. వంటావిడ దగ్గర సొంత పేరుతో శ్రోతగా చేరి, “నమస్కారం అండీ, నేను తరళను,” అంది.