అల్లం బుడగలు

వంతెన మీదుగా నీళ్లు పారిన వరద ఏడాది అది. కరెంటు వస్తూ పోతూ ల్యాబులో పెద్ద ఫ్రీజర్ కంప్రెసర్‌ని కాల్చేసింది. ఫ్రిజ్ మెకానిక్ వచ్చీ రాగానే దాని తలుపు బార్లా తెరిచాడు.

"అయ్యో, మూయండి!" రీసెర్చి చేసే అమ్మాయి పరుగున వచ్చి తలుపు ధడాలున మూసింది.

"తెరవకుండా బాగుచెయ్యడానికి నేను మంత్రగాణ్ణా మేడం?"

"లోపల నా ఏడాది కష్టం ఉంది. అల్లం రసంలోంచి తీసిన బుడగలు."

"ఏవీ? కనపడవేం?"

"కంటికి ఆనవు. ఇనుముకి తుప్పు పట్టినట్టే మన కణాలకీ పడుతుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. దానికి ఈ బుడగలు అడ్డుపడతాయి. వెచ్చబడితే నా పని గోవిందా!"

కొత్త కంప్రెసర్ రావాలంటే దారులు తెరుచుకోవాలి. అందాకా బుడగలు వెచ్చబడకుండా అతను రోజూ వానలో తడుస్తూ డ్రై ఐస్ మోసుకొచ్చాడు. ఆమె తిడుతూనే తువ్వాలు అందించింది. తిట్లు తగ్గాయి, తువ్వాలు మాత్రం ఆగలేదు.

చివరికి దారులు తెరుచుకున్నాయి, కొత్త కంప్రెసర్ వచ్చింది, ఫ్రీజర్ గుర్రుమంది. అయినా ఆమె ముఖంలో బెంగ పోలేదు.

"బుడగలు పాడయ్యాయో లేదో ఇవాళ పరీక్ష పెడతాను. కణాల మీద ఆ తుప్పు పట్టించే పెరాక్సైడ్ పోసి, ఇవీ వేస్తాను. రేపటికి కణాలు బతికుంటే నా పని అయిపోయినట్టే. మా ఊరెళ్లిపోతాను."

"చచ్చిపోతే?"

"మళ్లీ మొదట్నుంచీ. ఇంకో ఏడాది ఇక్కడే."

అతనికి ఆ రోజు ఎక్కడా కాలు నిలవలేదు. ఒకరి ఫ్రిజ్‌కి వేయాల్సిన గ్యాస్ ఇంకొకరి ఏసీకి వేసి చీవాట్లు తిన్నాడు.

మర్నాడు ఆమె మైక్రోస్కోపు ముందుకు పిలిచింది. "చూడండి, కణాలన్నీ నిక్షేపంలా ఉన్నాయి!"

"సంతోషం."

"సంతోషమా? ఆ ముఖం అద్దంలో చూసుకున్నారా?"

"నిజం చెప్పమంటారా? ఒక్క క్షణం... ఆ బుడగలు పాడైపోతే బాగుండుననుకున్నాను. వెంటనే చెంపలేసుకున్నాను."

ఇక తిట్లే అనుకున్నాడు. ఆమె కిటికీలోంచి వానకేసి చూసింది.

"నేనూ అనుకున్నాను, పిచ్చిదాన్ని. నా కష్టాన్ని నేనే శపించుకున్నాను."

"అయినా వెళ్లిపోతారుగా?"

"మా ఊళ్లో మాత్రం ఫ్రిజ్‌లు పాడవవా ఏంటి? మా నాన్న తనంతట తాను మాట్లాడే మనిషి కాదు. మీరే నోరు విప్పాలి."

మరుసటి రోజు పొద్దున్నే అతను అమ్మకి చెప్పి, ఆమెతో పాటు బస్సెక్కాడు. ఆమె తండ్రి గుమ్మంలోకి వచ్చి కూర్చోమనకముందే, "మీ అమ్మాయిని చేసుకుంటాను మామయ్యా" అనేశాడు.