పదకొండు మంది పిల్లల ఊపిరి

"ఈ పాపకి ముందు ఏ పరీక్ష చేశారు?" అంది డాక్టరమ్మ, కాగితం మీది టైములు చూస్తూ.

ఈ ప్రశ్న ఏదో ఒకరోజు వస్తుందని టెక్నీషియన్‌కి తెలుసు.

ఏ జబ్బూ లేని పిల్లల ఊపిరితిత్తుల కొలతలు తేల్చడం ఆమె పరిశోధన. దానికి రెండు పరీక్షలు. ముందు గొట్టం నోట్లో పెట్టుకుని మామూలుగా ఊపిరి పీల్చాలి, ఆ తర్వాతే గట్టిగా ఊదాలి. ముందే ఊదిస్తే ఊపిరి గొట్టాల తీరు కాసేపు మారొచ్చని, అప్పుడు కొలత నమ్మలేమని ఆమె మొదటి రోజే చెప్పింది. అతనేమో ఆ రోజు చెవులు మూసుకుని, కళ్ళు మాత్రమే తెరిచి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. వరుస సంగతి కాగితంలో చదివి తెలుసుకుంది ఈమధ్యే.

"ముందు ఊదించాను," అన్నాడు.

"ఎందుకు?"

"గొట్టం చూడగానే ఏడుపు లంకించుకుంది మేడమ్. స్క్రీన్ మీద కొవ్వొత్తులు ఊది ఆర్పే ఆట పెడితే నవ్వింది. ఆ తర్వాత ఎవరు ఏడ్చినా అదే చేశాను."

"ఎంతమందికి?"

"పదకొండు."

ఆమె కుర్చీలో కూలబడింది. మూడు నెలల కష్టం. పరిశోధన పర్యవేక్షించే పెద్ద డాక్టరుగారికి ఫలితాలు చూపించాల్సింది రేపే. ఉద్యోగం పోతే అతను ఇంకోటి వెతుక్కోవచ్చు. ఈమె ముఖం తిప్పుకుంటే ఏం చేయాలో మాత్రం తోచలేదు.

"టైములు మార్చేస్తే నాకు తెలిసేది కాదుగా," అందామె.

"నిన్న పెన్ను కూడా తీశాను. చేతులు రాలేదు."

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె కాగితాలు తిరగేస్తూ కూర్చుంది.

"తిట్టేదుంటే తిట్టేయండి మేడమ్. ఇలా ఊరుకుంటే ప్రాణం పోతోంది."

"తిట్టడానికి టైమెక్కడిది? ఆ పదకొండు మందినీ వేరుగా పెడదాం. మళ్ళీ పిలిచి సరైన వరుసలో చేస్తే, ఊదడం వల్ల ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది. పెద్ద డాక్టరుగారికి ఈరోజే చెప్పాలి."

"తప్పు నాది. నేను చెప్తాను."

"ఇద్దరం చెబుదాం. ఆయనకి చెప్పేముందు మెషీన్ సరిగ్గా ఉందేమో చూడాలి. కూర్చోండి."

అతను గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఆమె అతని ముక్కుకి క్లిప్పు తగిలించి, పిల్లలకి పట్టినట్టే బుగ్గలు ఉబ్బకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. స్క్రీన్ మీద గీత ఎగిరెగిరి పడింది.

"మామూలుగా పీల్చండి."

గీత ఇంకా ఎగిరింది.

"అయిదేళ్ళ పిల్లలు చేస్తున్నారు. మీకు చేతకాదా?"

అతను గొట్టం తీసేశాడు. ముక్కు మూసుకుపోయి గొంతు ముద్దగా వచ్చింది. "మీరింత దగ్గరుంటే చేతకాదు. మూడు నెలలుగా చేతకావడం లేదు. ఇది కూడా దాచలేను మేడమ్. మీరంటే నాకిష్టం."

అనేశాక అతనికి భయం వేసింది. ఆమె చేతులు మాత్రం ఇంకా అతని బుగ్గల మీదే ఉన్నాయి.

"ఆదివారం మా అమ్మానాన్నలు వస్తున్నారు," అంది మెల్లగా. "నా మనసులో ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. ఉన్నారని తెలుసు కానీ, ఎలాంటి మనిషని చెప్పాలో తెలియలేదు."

"ఇప్పుడు?"

"తప్పు చేస్తే దాచడని చెప్తాను. ఆ క్లిప్పు తీసి పదండి, పెద్ద డాక్టరుగారు వెళ్ళిపోతారు."