కొడుకు బండిలో జోగమ్మ గొంతు

జోగమ్మ ఇంట్లో కూర్చుని ఫోనులోనే కొడుకు లారీ నడిపిస్తుందని, హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్లోని రిసాలి పేటలో ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. ఆవిడకి కోపం రాదు సరికదా, గర్వం. పోయిన పెనిమిటి కూడా లారీ డ్రైవరే. దూరాలు వెళ్లినప్పుడల్లా ఆయనకి నిద్ర పట్టకుండా ఫోనులో కబుర్లు చెప్పింది తనే. బండికి ఒక్క గీత పడకుండా పని మానుకుని, చివరికి మంచం మీద కన్నుమూశాడాయన. అదంతా తన చలవేనని ఆవిడ గట్టి నమ్మకం.

ఇప్పుడు అదే విద్య కొడుకు నరేంద్ర మీద చూపిస్తోంది. ఊరి చివర హథ్‌ఖోజ్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ ట్రైలర్ మీద అతను ఉక్కు చుట్టలు మోస్తాడు. కోడలు సత్యశ్రీదీ అదే కంపెనీ. డ్రైవర్ల భద్రత చూసేది ఆమె. ఎవరు బండెక్కాలో, ఎవరు ఇంటికెళ్లి పడుకోవాలో చెప్పేది కూడా ఆమే. బళ్లు నిలిపే యార్డులో మొగుడైనా సరే మేడమ్ అనాల్సిందే. అతనూ అంటాడు, కాస్త సాగదీసి.

ఆ పొద్దున నరేంద్ర విశాఖ ట్రిప్పుకి తయారవుతున్నాడు. జోగమ్మ చపాతీలూ వంకాయ కూరా క్యారియర్‌లో సర్దుతోంది.

"ఘాటీ రోడ్డెక్కినాక ఫోన్ చేస్తాన్రా. ఎత్తు, మరిచిపోకు."

"ఎత్తుతాలే అమ్మా. టెన్షన్ మత్ లో, కంగారు పడకు."

జడ వేసుకుంటున్న సత్యశ్రీ ఆగింది. "బండి మీదుండగా ఫోనెత్తితే బండి తాళం తీసేసుకుంటామని చెప్పాం కదత్తా."

"ఆ రూలు మందికి. నానేటి మందినా?" అంది జోగమ్మ, క్యారియర్ మూత బిగిస్తూ.

సత్యశ్రీ జడ ముగించింది. స్కూటీ తీసుకుని ఆఫీసుకి వెళ్లిపోయింది. బళ్ల క్యాబిన్లలో కొత్తగా డ్రైవరునీ, ముందున్న రోడ్డునీ చూసే కెమెరాలు పెట్టించారు. ముందురోజు డ్రైవరు ఏమరుపాటుగా ఉన్న వీడియో ముక్కలు అవే ఏరి పంపిస్తాయి. పొద్దున్నే వాటిని చూడటం ఆమె మొదటి పని. ఆ రోజు మొదటి ముక్కలోనే నరేంద్ర కనిపించాడు.

ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను. స్పీకర్లో జోగమ్మ గొంతు. బైపాస్ మలుపులో స్కూలు బట్టల్లో ఉన్న పిల్ల సైకిలు మీద వచ్చింది. నరేంద్ర ఫోను వదిలేసి బ్రేకు తొక్కాడు. బండి పిల్లకి మూరెడు దూరంలో ఆగింది. పిల్ల సైకిలుతో సహా కింద పడింది. ఒళ్లో పడ్డ ఫోనులోంచి జోగమ్మ ఇంకా అడుగుతూనే ఉంది. "ఏటిరా పలకవు? నిద్రపోనావేటి?"

సత్యశ్రీ ఆ ముక్కని మళ్లీ ఒకసారి వేసి చూసింది. మంచినీళ్లు తాగి, లేచి నిలబడింది. అప్పుడే నరేంద్ర తాళం కోసం వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు డ్రైవర్లు.

"నిన్న బైపాస్ దగ్గర జరిగింది ఎందుకు చెప్పలేదు?"

అతని ముఖం పాలిపోయింది. "ఇంట్లో మాట్లాడుకుందాం సత్యా."

"ఇక్కడ మేడమ్. ఇక్కడే మాట్లాడుకుందాం."

అతను తల దించుకున్నాడు. ఆమె తాళం తీసి వెనకున్న డ్రైవర్ చేతిలో పెట్టింది. నరేంద్రకి నెలపాటు యార్డు పని వేసింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి కబురు ముందే చేరిపోయింది. జోగమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మొగుడి నోటికాడి కూడు లాగీసినావు! పదిమందిలో పరువు తీసీసినావు! నీదేటి మనసా, రాయా?"

"ఊళ్లో డ్రైవర్లందర్నీ ఆపి, మొగుణ్ణొక్కణ్ణీ వదిలేస్తే రేపు నా మాట ఎవరు వింటారత్తా?"

"నా మాటే ఆడికి రక్ష! మీ మావని ఇన్నేళ్లు నానే..."

సత్యశ్రీ ఆ వీడియో ఉన్న సెల్‌ఫోను తీసింది. నరేంద్ర చెయ్యి అడ్డుపెట్టాడు. "వద్దు సత్యా. అమ్మకి చూపించకు, ప్లీజ్."

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. అత్తగారి గుండె బద్దలవుతుందని తెలుసు. అయినా అతని చెయ్యి మెల్లగా తప్పించి వీడియో పెట్టింది.

జోగమ్మ చూసింది. తన గొంతు తానే వింది. గుమ్మం పట్టుకుని అలాగే కిందకి జారి కూర్చుంది.

"ఆ పిల్లకేటైనా అయిందేట్రా?"

"మోచేతులు గీసుకుపోయాయమ్మా. దుకాణంలో కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. వాళ్ల నాన్న వచ్చి తిట్టాడు, పడ్డాను."

"మరి నాకు చెప్పలేదేటి?"

"నీ ఫోను వల్లేనని నీతో ఎలా చెప్పనమ్మా?"

జోగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మీ నాన్నని నానే కాసేననుకున్నాన్రా..."

సత్యశ్రీ పక్కనే చతికిలబడింది. "మామయ్యది బండి మీద మంచి చెయ్యి, పైగా అదృష్టం కలిసొచ్చింది. నిద్రొచ్చే డ్రైవరుకి కబుర్లు కాదత్తా, బండి పక్కన ఆపుకుని కునుకు తీసే వీలుండాలి. ఆ వీలు చూడాల్సింది నేను. మా ఆఫీసువాళ్లు కూడా ఎక్కడున్నావంటూ ఊరికే ఫోన్లు కొడుతుంటారు. ఇవాళ్టితో వాళ్లకీ బంద్."

జోగమ్మ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఆదివారం యార్డులో డ్రైవర్ల ఇళ్లవాళ్లందర్నీ పిలిచింది సత్యశ్రీ. అమ్మలు, పెళ్లాలు, చంటిపిల్లలతో షెడ్డు నిండిపోయింది. జోగమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. సత్యశ్రీ తెర మీద ఆ వీడియోనే వేసింది, గొంతు రాకుండా.

"మాటలు రాలేదేటి?" అంది జోగమ్మ.

"వద్దులే అత్తా."

"పెట్టు."

సత్యశ్రీ పెట్టింది. ఆ గొంతు వినగానే రిసాలి ఆడవాళ్లు పోల్చుకున్నారు. వెనకెవరో కిసుక్కున నవ్వబోయి, పిల్ల పడటం చూసి నోరు నొక్కుకున్నారు. జోగమ్మ లేచి అందరివైపూ తిరిగింది.

"ఆ మాటాడింది నానే. బండి మీదున్నోడు నా కొడుకే. ఆ పిల్ల బతికింది గాబట్టి మీ ముందు నిలబడగలిగేను. బండి మీదున్నోడికి ఫోన్లు చెయ్యకండమ్మా." తెలుగులో చెప్పిందంతా వచ్చీరాని హిందీలో మళ్లీ చెప్పింది.

చంకలో బిడ్డతో ఉన్న ఓ చిన్నది అడిగింది. "మరి భయమేస్తే ఏం చెయ్యాలి అత్తా?"

"భయపడు తల్లీ. నానూ భయపడతాను. భయపడి ఊరుకో. బండాపినాక ఆడే చేస్తాడు."

సత్యశ్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పవలసినవి ఇంకా ఎన్నో ఉన్నాయి గానీ, వాటిని మరో ఆదివారానికి పెట్టుకుని తెర ఆపేసింది. వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. జోగమ్మ కోడలి చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.