చెల్లికి దారి చూపిందెవరు?

ఫ్రీజర్ లోపల నీలం పెట్టె. పెట్టెలో ఒక గడి ఖాళీ.

"పోయిన ట్యూబ్ ఎంతుంటుంది?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"చిటికెన వేలంత," అన్నాడు డైరెక్టర్. "కానీ ల్యాబ్ మొత్తానికి ఆ ప్రోటీన్ ఉన్నది ఆ ఒక్క ట్యూబ్‌లోనే."

"ఎవరి మీద అనుమానం?"

డైరెక్టర్ బల్ల చివర నిలబడ్డ అమ్మాయి వైపు చూశాడు. అందరికంటే జూనియర్. ఆ ప్రోటీన్‌ని తయారుచేసింది తనే.

"రేపు అది పనిచేస్తుందని అందరి ముందూ చూపించాలి. చేయదని తెలిసి తనే మాయం చేసిందేమో! సాయంత్రంలోగా దొరక్కపోతే ఉద్యోగంలోంచి తీసేస్తాను."

జూనియర్ గ్లోవ్ వేలి కొన లాగుతూ ఉంది.

పక్కనే సీనియర్. ఆ పిల్లకి పిపెట్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే.

"పాపం, చిన్నపిల్ల. తొందరపడి రీసెర్చ్ పేపర్‌లో మొదటి పేరు ఇచ్చారు. మోయలేకపోయింది."

"మొదటి పేరా?"

"పేపర్ అచ్చయితే మొదటి పేరుదే ఘనత అండీ. రెండో పేరు ఎవరూ చదవరు."

"మీదెన్నోది?"

"రెండోది." సీనియర్ నవ్వింది. ఆ నవ్వు పెదాలు దాటలేదు.

ఫ్రీజర్ తాళం ఒక పెద్దాయన దగ్గర ఉంటుంది. అందరూ ఆయన్ని బావగారూ అంటారు.

"నిన్న ఎవరెవరు తెరిచారు?"

"పొద్దున తొమ్మిదిన్నరకి ఈ పిల్ల. పదింటికి ఆవిడ, మళ్లీ సాయంత్రం ఆవిడే. ఇంకెవరూ రాలేదు."

"మీరు తీయలేదా?"

"తీసి ఏం చేసుకుంటానమ్మా, కాఫీలో కలుపుకుంటానా?"

ఇన్‌స్పెక్టర్ జూనియర్ వైపు తిరిగింది. "నువ్వు తెరిచినప్పుడు ట్యూబ్ ఉందా?"

"ఉందండీ. రెండూ ఉన్నాయి."

"నేను తెరిచేసరికి లేదు," అంది సీనియర్ వెంటనే. "అక్క లేదు, చెల్లి ఒక్కతే ఉంది."

"అక్కేంటి, చెల్లేంటి?"

"ఆ రెండు ప్రోటీన్లకీ నేను పెట్టిన ముద్దుపేర్లు. పోయింది అక్క. నేను చెల్లిని మాత్రం తీసుకుని జెల్ గదికెళ్లాను. సాయంత్రం దాకా అక్కడే. ఇదిగో సాక్ష్యం."

ఒక ఫోటో అందించింది. నల్లటి కాగితం మీద రెండు నిలువు వరసలు. ఒక్కో వరసలో ఒక్కో తెల్ల గీత. కింద మెషీన్ వేసిన నిన్నటి తేదీ.

"ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి," అంది. ఎవరూ అడక్కుండానే.

ఇన్‌స్పెక్టర్ జూనియర్‌ని వరండాలోకి తీసుకెళ్లింది.

"నాలాంటి వాళ్లకి అర్థమయ్యేలా చెప్పమ్మా. ఈ అక్కాచెల్లెళ్లు ఏం చేస్తారు?"

"వైరస్ మన కణంలో దూరాక తన డీఎన్ఏకి నకళ్లు తీయించుకోవాలండీ. నకలు మొదలయ్యే చోటు డీఎన్ఏ మీద ఒక్కటే ఉంటుంది. చెల్లి అక్కడ కూర్చుని రెండు పోగుల్నీ విడదీయాలి. కానీ చెల్లికి చోటు తెలీదు. ఒంటరిగా వదిలితే ఏ డీఎన్ఏ కనబడితే దాన్ని పట్టుకుంటుంది."

"మరి అక్క?"

"చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సరైన చోట కూర్చోబెడుతుంది. తర్వాత తప్పుకుంటుంది. తను తప్పుకుంటేనే అసలు పని మొదలవుతుంది."

"పట్టుకుందో లేదో మీకెలా తెలుస్తుంది?"

"జెల్‌లో కరెంటు పెడితే ఉత్త డీఎన్ఏ కిందికి పరిగెడుతుంది. ప్రోటీన్ పట్టుకుంటే బరువెక్కి పైనే ఆగిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ ఫోటోని మరోసారి చూసింది. తర్వాత అందరినీ ఫ్రీజర్ దగ్గరికి పిలిచింది.

"మొదటి వరసలో ఏముందమ్మా?" సీనియర్‌ని అడిగింది.

"సరైన చోటున్న డీఎన్ఏ."

"రెండో వరసలో?"

"ఆ చోటు లేనిది. పోల్చి చూడడానికి."

"చెల్లి ఒక్కతే ఉంటే రెండింటినీ పట్టుకోవాలి. రెండు గీతలూ పైనే ఆగాలి. ఇక్కడ మొదటిది పైన ఆగింది. రెండోది అడుక్కి పోయింది. చెల్లికి సరైన చోటు ఎవరు చూపించారు?"

ఫ్రీజర్ మోటారు గుర్రుమంటోంది.

"అక్క చూపించింది. అంటే పదింటి తర్వాత ఆ ట్యూబ్ మీ చేతిలో ఉంది."

బావగారు సీనియర్ సొంత పెట్టెని ఫ్రీజర్ కింది అరలోంచి బయటికి లాగారు. అడుగున, వెండి కాగితంలో చుట్టి, చిటికెన వేలంత ట్యూబ్.

"పారేద్దామనే తీశారు," అంది ఇన్‌స్పెక్టర్. "ఎందుకు పారేయలేదు?"

సీనియర్ జూనియర్‌నే చూస్తోంది.

"పనిచేయకూడదని కోరుకుంటూ జెల్ నడిపాను. చేసింది. నేను చేసినవాటి కంటే బాగా చేసింది. ఈ పిల్లకి బెంచీ చూపించింది నేను, చెయ్యి పట్టుకుని దిద్దింది నేను. ఇప్పుడు నేను తప్పుకోవాలిట!"

"అక్కా..." అంది జూనియర్.

"అక్కా అనకు. వింటే ఒళ్లు మండుతోంది."

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. జూనియర్ ముఖంలోకి సూటిగా చూడలేకపోయాడు. ఫోటో అందుకుని, "రేపటికి ఇదొక్కటి చాలమ్మా. నువ్వే చూపించు," అన్నాడు.

కానిస్టేబుల్ తలుపు తీశాడు. సీనియర్ గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

"ఆ జెల్ నాది. దాని మీద నా పేరు వెయ్యాలి."

"వేస్తామమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "ఛార్జ్‌షీట్‌లో మొదటి పేరు మీదే."