పొంగని బన్నులు

పొద్దున ఆరయ్యేసరికి గద్వాలలోని ఆ వీధికి బన్నుల వాసన రావాలి. ఆ రోజు రాలేదు. సరోజ పొయ్యిలోంచి లాగిన రేకు మీద నలభై బన్నులు అరచేత్తో చరిచినట్టు అణిగిపోయి ఉన్నాయి.

"ఇవి బన్నులా, పిడకలా?" అంటూ ఆమె భర్త రాఘవేందర్ ఒకటి తీసి గోడకు కొట్టబోయాడు.

"గోడ పలుగుతది, పెట్టు."

మాట తేలికగా అంది కానీ సరోజ మనసు రేపటి మీదే ఉంది. రేపు వనపర్తి నుంచి హాస్టల్ వార్డెన్ వస్తాడు. రుచి నచ్చితే రోజూ మూడు వందల బన్నులు. ఆ రుచి కొన్న ఈస్టుతో వచ్చేది కాదు. పని నేర్పిన రాయచూరు యేసయ్య మాస్టరు ఇచ్చిన పులిసిన పిండిది. దాన్ని మట్టికుండలో తొమ్మిదేళ్లుగా పెంచుతోంది; ఆ కుండ ఇప్పుడు పొయ్యి గది మూలన ఉంటుంది. రోజూ ఎంత తీస్తే అంత మైదా, నీళ్లు పోయాలి. మాస్టరు చనిపోయి రెండేళ్లు. ఆ పిండి పోతే మళ్లీ అడగడానికి మనిషి లేడు.

కుండలో వేలు ముంచింది. తీగలా సాగాల్సింది తెగిపోయింది. నాలుక మీద పెట్టుకుంది. పులుపు లేదు.

"పాడు కాలే. ఎవరో మార్చిండ్రు. ఇది ఉడికిన బియ్యప్పిండి" అంది.

ఆరాలు తీయడంలో సరోజకు వీధిలో పేరుంది. పోయినేడు వినాయక మండపంలో మాయమైన లడ్డూలను, చీమల బారు వెంట నడిచి, చందాల పెద్దమనిషి సంచిలోనే చూపించింది.

"ఆరా ఎందుకు? నాయన పనే ఇది" అన్నాడు రాఘవేందర్.

నాలుగేళ్ల కింద ఈ గదిలో అతని తండ్రి ఆశన్న రెండో మగ్గం ఉండేది. దాన్ని తీసి పొయ్యి కట్టారు. ఆశన్న కాదనలేదు, అవుననీ అనలేదు. ఆ రోజు నుంచి బన్ను ముట్టలేదు. కోడలితో చెప్పాల్సిందేదైనా భార్య జోగమ్మ ద్వారానే చెప్పేవాడు.

రాఘవేందర్ విసురుగా ముందు గదిలోకి వెళ్లాడు.

"నాయనా, సరోజ పిండి ఎందుకు పారబోసినవ్?"

మగ్గం ముందున్న ఆశన్న చేతులు ఆగిపోయాయి. "జోగీ, నీ కొడుకు నన్ను దొంగను చేస్తుండు. ఆ పిండి నేను ముట్టలే. నా బట్టలు సదురు, వడ్డేపల్లిల చెల్లె ఇంటికి పోత."

"ముసలోనివైనంక అలకలేందయ్యా!" అంది జోగమ్మ. ఆశన్న నిజంగానే లేచి సంచి అందుకున్నాడు.

సరోజ తలుపు దగ్గరే నిలబడి లెక్క వేసుకుంది. పగ ఉన్నవాడు పారబోసి పోతాడు. పిండి ఉడకబెట్టి, కుండను మళ్లీ ముందున్నంత దాకా నింపడు. ఇది తీసుకున్నంత తిరిగి పెట్టిన మనిషి పని. ఆశన్న చేతిలోని సంచి మీద బియ్యప్పిండి మరకలు కూడా కనిపించాయి. నేత ఇంట్లో బియ్యప్పిండి ఉడికేది దారాలకు పట్టించే గంజి కోసమే.

"అత్తమ్మా, మగ్గం మీది పడుగు దారాలు ఎట్లున్నయో మామను అడుగు."

"జోగీ, అన్నీ అతుక్కుపోయినయని చెప్పు. ఈసారి గంజి గిట్లెందుకైందో తెల్వదు. కుండ మూత కూడ లేపుతుంది. పైన రాయి పెట్టిన."

సరోజ గబగబా వెళ్లి రాయి తీసింది. గంజికుండలో తెల్లగా నురగ, బుడగలు. ముక్కుకు ఘాటుగా తగిలింది, మాస్టరు బట్టీ వాసన.

"ఇది ఎక్కడిది మామా?"

ఆమె నేరుగా అడిగింది. ఆశన్న మరిచిపోయి నేరుగానే చెప్పాడు. "ఆ మూల కాడిదే. నా గంజి అయిపోయింది. నిన్న తెల్లారుజామున కరెంటు లేకుండె, చెయ్యి అటే పోయింది. నలభై ఏండ్లు నా గంజికుండ పెట్టిన జాగ గద. మీ అత్త కాచి పెట్టిందనుకొని తెచ్చిన. తక్కువైతదని నేనే కాచి నింపిన."

రాఘవేందర్ తల దించుకున్నాడు. తండ్రి చేతిలోని సంచి మెల్లగా తీసుకుని మేకుకు తగిలించాడు.

నాలుగేళ్ల కింద ఆ గది నిడివి, వెడల్పు సరోజే కొలిచింది. ఆ మూల ఎవరిదని మాత్రం అడగలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"దీన్ని మీరే కాపాడిండ్రు మామా. గంజి పాడైందని పారబోసింటే మాస్టరు పిండి పోయేది."

"నా గంజికుండల బతికిందా?" ఆశన్న ఆశ్చర్యంగా వంగి చూశాడు.

ఆ సాయంత్రం దాకా మామాకోడళ్లు ఎదురెదురుగా కూర్చుని అతుక్కున్న దారాలు విడదీశారు. కుండలు రెండూ పాత మూలలోనే పక్కపక్కన చేరాయి. కలవకుండా ఉండాలని ఆశన్న కోడలి కుండ మెడకు ఎర్ర పట్టుదారం చుట్టాడు.

మరునాడు బన్నులు బుసబుసా పొంగాయి. వార్డెన్ రెండు తిని, మూడోది జేబులో వేసుకుని, సోమవారం నుంచి పంపమన్నాడు. అతను వెళ్లాక ఆశన్న రేకు మీంచి ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"జోగీ, నీ కోడలికి చెప్పు..."

"ఎదురుగనే ఉన్న గద మామా."

ఆశన్న నమలడం ఆపి ఆమె వైపు చూశాడు. "ఉప్పు జర తక్కువైంది బిడ్డా" అని, ఇంకోటి అందుకున్నాడు.