తోడు అడిగిన నుయ్యి

మందస నుంచి సుమ్మాదేవి వైపు పోయే దారిలో, జీడితోటల నడుమ ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి చివర బొడ్డమ్మ నుయ్యి. పగలు దాని పక్కనుంచే అందరూ నడుస్తారు. పొద్దుగూకితే మాత్రం చుట్టు తిరిగి పోతారు.

తుపానుకి కప్పు లేచిపోయిన ఖాళీ ఇల్లు, దాని పెరట్లో సిమెంటు ఒరల నుయ్యి. అంతే, చూడటానికి ఏమీ ఉండదు. బొడ్డమ్మని ఎరిగినవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఎవరూ లేరు. నీళ్లకెళ్లి జారిపోయిందంటారు. చీకటి పడ్డాక ఆ పక్కగా పోతే వరసపెట్టి పిలుస్తుందట... బావా అనో, మావా అనో, ఎవరికి తగ్గ పిలుపు వాళ్లకి. పలికావా — ఇంటిదాకా వెంటొస్తుంది.

ఇదంతా తెలిసీ ఆ నూతికే మోటారు బిగించిన మొనగాడు ధనరాజు. ఈ సంగతి చెప్పిందీ అతనే. పలాస బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తనని తాను తిట్టుకుంటూ, మధ్యలో ఆగి నవ్వుకుంటూ చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతాను.

ధనరాజు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇంటి పక్క జాగాలో వంగ, బెండ, ఒక ఆనపపాదు, నాలుగు వరసల కనకాంబరాలు పెంచుతున్నారు. ఉద్దానం ప్రాంతపు ఇసక సంగతి తెలిసిందే. ఎన్ని బిందెలు పోసినా మింగేసి మళ్లీ నోరు తెరుస్తుంది. మోసి మోసి అతని భార్య ప్రమోదినికి భుజం పట్టేసింది.

"ఎలక్ట్రీషియన్ని పిలిసి ఓ సిన్న మోటారు పెట్టించండి" అంది.

"ఎలక్ట్రీషియనెందుకు? నాను లేనా?" అన్నాడు ధనరాజు.

ఫోనులో వీడియోలు చూశాడు. కాశీబుగ్గ వెళ్లి అర హెచ్‌పీ మోటారు కొన్నాడు. తోట పక్కనే ఉన్న ఆ ఖాళీ ఇంటి ఆసామికి ఫోను చేసి, మీ నుయ్యి వాడుకుంటానని అడిగితే, ఏ నుయ్యని ఆయన రెండుసార్లు అడిగాడట. తర్వాత "వాడుకో... పగలే వాడుకో" అని పెట్టేశాడట.

గట్టు పక్కన మోటారు కూర్చోబెట్టాడు. నూతిలోకి ఇనప పైపు దించాడు. పైపు కొసన ఫుట్‌వాల్వు బిగించాడు — ఎక్కిన నీళ్లు మళ్లీ కిందికి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. పైపు కదలకూడదని ఒరకి ఆనించి సిమెంటు కూడా పోసేశాడు. అప్పుడప్పుడూ పైపు పైకి లాగి వాల్వు కడుక్కోవాలన్న ముక్క వీడియో ఆఖర్న ఉందట. ఆఖరిదాకా ఎవడు చూస్తాడు?

ఇంట్లోంచి వైరు తనే లాగాడు. నూతి దగ్గర కొయ్య పాతి స్విచ్చు పెట్టాడు. టీ కొట్టు దగ్గర నలుగురిలో నిలబడి, "బొడ్డమ్మకింక సాకిరీ తప్పింది, నానే తోడిపెడతాను" అని కూడా అన్నాడు. ఈ మాట చెబుతున్నప్పుడు బస్సులో తన చెంప తానే వాయించుకున్నాడు.

కొన్నాళ్లు నీళ్లు బాగానే వచ్చాయి. ఆ తర్వాత మొదలైంది.

మోటారు తిరుగుతుంది, నీరు రాదు. నెత్తిన ఉన్న బిరడా విప్పి చూస్తే లోపల పొడి. బకెట్టుతో పోసి నింపితే అప్పుడు పనిచేస్తుంది. ఆపేసి వెనక్కి తిరిగాడో లేదో... పైపులోంచి కిందికి — గుడ... గుడ... గుడ... ఎవరో దోసిలి పట్టి ఆత్రంగా తాగుతున్నట్టు.

"గాలి పట్టింది" అని ఇంట్లో చెప్పాడు. గాలి పట్టడానికి ఆ ఊళ్లో రెండర్థాలున్నాయి. రెండోది అతనికి పక్క మీద వాలాక గుర్తొచ్చేది.

మార్గశిరంలో ఒకరోజు బస్సు ఆలస్యమైంది. దిగేసరికి చీకటి. చలి. ఊళ్లో ఒక్క దీపం లేదు, కరెంటు పోయినట్టుంది. ఫోను టార్చి వేద్దామంటే ఫోను చచ్చిపోయింది. దారంతా మోటారు వీడియోలే చూశాడు మరి.

ఇంటికి పోయే దారి తోట పక్కనుంచే. కనకాంబరాలకి రెండ్రోజులుగా నీళ్లు లేవు. అలవాటుగా కాళ్లు అటే తిరిగాయి. ఊరంతా చీకటిగా ఉందని కళ్లతో చూస్తూనే చెయ్యి పెట్టి స్విచ్చు వేశాడు. మోటారు ఉలకలేదు.

'తెలివి ఏడిసినట్టుంది' అనుకున్నాడు. సరే, కరెంటొచ్చేలోగా మోటారులో నీళ్లైనా నింపుదామని, గట్టు పక్కన నింపి పెట్టుకున్న బకెట్టు ఎత్తాడు.

అప్పుడు —

నూతిలోంచి ఒక ఊపిరి.

పైపు చప్పుడు కాదు. ఇది నెమ్మదిగా ఉంది... బరువుగా ఉంది... వణుకుతోంది. బకెట్టు చేతిలోనే ఉండిపోయింది. ఊపిరాగింది. మళ్లీ వచ్చింది. దాని వెనకే, అరిగిపోయిన గొంతుతో, ఆడో మగో తెలీకుండా —

"బా... వా..."

ధనరాజు పలకలేదు. పలకకూడదని చిన్నప్పట్నుంచీ వింటున్నాడు. అయినా పలకడానికి నోట్లో తడి ఉంటే కదా.

"బావా... తోడు..."

ధనరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తోడు... తోడు..."

తోడిపెడతానని టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ అన్న మాట దానికి వినిపించిందన్నమాట. కానీ ఇది అడుగుతున్నది నీళ్లు తోడమని కాదు. మనిషి తోడు అడుగుతోంది. తన తోడే అడుగుతోంది.

అప్పుడు ధనరాజు చేసిన పని — చేతిలో ఉన్న బకెట్టు నీళ్లూ నూతిలోకి కుమ్మరించేశాడు. "తాగు తల్లీ" అన్నది ఒక్కటే గుర్తుంది. ఇంకా ఏవో గొణిగాడు, ఏం గొణిగాడో అతనికే తెలీదు. "నూతిలో ఉన్న దెయ్యానికి నీళ్లు పోసినోడు ఈ జిల్లాలో నానొక్కణ్ణే" అన్నాడు నాతో.

కింద చప్పుడు ఆగిపోయింది. మొత్తం ఆగిపోయింది.

అది మరీ భయం. పరుగు లంకించుకున్నాడు. ఆనపపాదు పందిరి మెడకి తగిలి, పందిరితో సహా కొంత దూరం పోయాడు. ఒక చెప్పు వంగమడిలో ఉండిపోయింది. టిఫిను క్యారేజీ ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలీదు.

ఇంట్లో ప్రమోదిని కొవ్వొత్తి వెలిగించి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటయ్యింది? మెళ్లో ఆ పాదేటి?"

"ఏటీ లేదు... తలుపెయ్యి" అంటూ లోపలికి దూరాడు.

"తలుపేత్తే ఎలాగ? అన్నియ్య రావాల కదా."

"ఏ అన్నియ్య?"

ఆమె అన్న పోలారావు. హరిపురంలో ఆటో నడుపుతాడు. నూతుల్లో జారిపోయిన చెంబులూ బిందెలూ దిగి తీసిపెట్టడం చిన్నప్పట్నుంచీ అతని సరదా.

ప్రమోదిని కొంచెం మొహమాటపడింది. "మోటారు సంగతి నానే సెప్పాను. మీతో అంటే ఒప్పుకోరని... మీరొచ్చేలోగా బాగు సేసెల్లిపోతానన్నాడు. పైపు పైకి రానేదట. నూతిలోకి దిగాలి, తాడియ్యమని అట్టుకెల్లాడు. ఇంకా రానేదేటా అని సూత్తన్నాను."

తాడు.

ధనరాజు మెడలోంచి పాదు తియ్యబోయి ఆగాడు. నూతిలోంచి అడిగింది తోడు కాదు.

సిగ్గుపడేంత టైము కూడా దొరకలేదు. ఇంకోటి గుర్తొచ్చింది. వేసిన స్విచ్చు — వేసినట్టే వదిలేసి వచ్చాడు.

"ఆ స్విచ్చు..." అన్నాడు.

నెత్తి మీద ఫ్యాను కదిలింది. వీధి దీపం వెలిగింది. ఇల్లంతా వెలుతురు.

"ఏ స్విచ్చు?" అంది ప్రమోదిని. అతని మొహం చూసింది. నూతి దగ్గరి స్విచ్చని అర్థమైంది.

తన చేత్తో వైర్లన్నీ కలిపిన ధనరాజుకి, సొంత ఇంట్లో మెయిన్ ఏ గోడకుందో గుర్తు రాలేదు. చేతులు గాల్లో వెతుకుతున్నాయి. ప్రమోదిని అతన్ని తోసుకుంటూ పోయి, మెయిన్ కిందికి లాగేసింది. మళ్లీ చీకటి. ఊళ్లో అన్ని ఇళ్లూ వెలుగుతున్నాయి, ఈ ఒక్క ఇల్లే చీకటి.

ఆమె ఫోను వెలుతుర్లో ఇద్దరూ పరిగెత్తారు. ఇందాక వచ్చిన దారే. ఇందాక వెనక్కి తిరిగి చూడటానికి భయపడ్డాడు. ఇప్పుడు ముందుకి చూడాలంటే భయంగా ఉంది. నూతి గట్టు మీద గిలక వేలాడే పాత కొయ్య విరిగిపోయి ఉంది. దానికి పోలారావు కట్టుకున్న తాడుతో సహా అది నూతిలో పడిపోయింది.

"బావా" అని పిలిచాడు ధనరాజు.

జవాబు లేదు.

"బావా... నానే... ధనరాజుని."

లేదు. నీళ్లు కూడా కదల్లేదు. ఇందాకటి ఆ పిలుపు, ఆ అరిగిపోయిన గొంతు, ఒక్కసారి వినపడితే చాలని దణ్ణం పెట్టుకున్నాడు. దెయ్యమైనా ఫరవాలేదనుకున్నాడు.

ప్రమోదిని గట్టు మీదకి వంగింది. "అన్నా..."

కిందనుంచి చాలాసేపటికి, గుసగుసగా —

"పెమోదీ... నువ్వేనా?"

"నానే అన్నా."

"నీ పక్కన... ఇంకెవులున్నారు?"

వెదురు నిచ్చెన తెచ్చి దించారు. గుండెల్లోతు నీళ్లలోంచి పోలారావు మెల్లగా ఎక్కి వచ్చాడు. పెదాలు నల్లబడిపోయాయి. తువ్వాలు కప్పి గట్టుకి దూరంగా కూర్చోబెట్టారు. బిగించి ఉన్న పిడికిలి విప్పాడు — అందులో ఉండలా చుట్టుకున్న కొబ్బరి పీచు.

"వాల్వులో ఇదడ్డం పడింది. అందుకే నీలు ఆగట్లేదు. తీసీసాను" అన్నాడు. తర్వాత ధనరాజు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు.

"బావా, ఈ నుయ్యి మనకొద్దు. దెయ్యం లోపల లేదు... పైనుంది."

"పైనా?"

"నా సెవులతో యిన్నాను. అరిసి అరిసి గొంతు పోయి, ఇంక నీ అడుగుల సప్పుడేననుకుని పిలిసాను. పలకదు. తాడు, తాడు అన్నాను. నెత్తిన బకెట్టుడు నీలు కుమ్మరించింది. తల్లీ, తాగు అంది. ఏడిసింది. పట్టుసీర పెడతాను, పసుపు కుంకం పెడతాను, మా మోటారు పీకీసుకుంటాను, నా పెల్లాన్ని ఒంటరిదాన్ని సెయ్యకు అంది. ఆ ఏడుపు యింటే... నాను మరి నోరెత్తనేదు. ఇప్పుడు నువ్వు పిలిసినా అదే అనుకున్నాను."

ప్రమోదిని మొగుడి వైపు తిరిగింది. ధనరాజు మెళ్లో ఇంకా రెండు ఆనపాకులు వేలాడుతున్నాయి.

"అది నానే బావా" అన్నాడు.

ప్రమోదిని నవ్వు ఆపుకోవాలని చూసింది. కుదర్లేదు. ఇసకలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ధనరాజుకీ నవ్వొచ్చింది. పోలారావు మాత్రం నవ్వలేదు. కుడి చెయ్యి వెలుతుర్లో పెట్టి, వేళ్లు ముడుస్తూ తెరుస్తూ చూసుకుంటున్నాడు.

"మాటలు నీవే అనుకో" అన్నాడు. "మరి తరవాత ముట్టుకున్నదెవులు?"

"ముట్టుకోడమేటి?"

"నువ్వు పారిపోయినాక. పైపు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కసారి సెయ్యంతా జివ్వుమని, గుండికాయ దాకా లాగీసింది. ఒదలనేదు. కేకెయ్యాలంటే నోరు రానేదు. మరింక అయిపోయాననుకున్నాను... అంతలోనే దానికే ఏటనిపించిందో, ఒదిలీసింది."

ప్రమోదిని నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కొంగు ఇంకా నోటి దగ్గరే ఉంది. ఫ్యాను తిరిగిన ఆ నాలుగు క్షణాలు ఆమెకీ గుర్తున్నాయి, అతనికీ గుర్తున్నాయి. సుమ్మాదేవి వైపు నుంచి రైలు పోతున్న చప్పుడు వచ్చి, తగ్గిపోయింది.

ముగ్గురూ ఇంటికొచ్చారు. ప్రమోదిని పోలారావుకి పొడిబట్టలిచ్చి, వేడిగా చారు పోసి అన్నం పెట్టింది. ఊళ్లో అన్ని ఇళ్లలోనూ దీపాలున్నాయి, ఎక్కడో టీవీ మోగుతోంది. వీళ్లు కొవ్వొత్తి మధ్యలో పెట్టుకుని తిన్నారు. కొవ్వొత్తి అయిపోతే ఇంకోటి వెలిగించారు.

మెయిన్ ఉన్న గోడ వైపు తెల్లారేదాకా ఎవరూ వెళ్లలేదు.