వంతెన అవతల ఎక్కేవాళ్ళు

దగ్గరికి జరగండి. ఆ వాకిలి దగ్గర నిలబడినవాళ్ళు కూడా లోపలికి రండి, నా గొంతు ఇప్పుడు అంతదూరం రాదు. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టుకోండి. ప్రార్థన అయిపోయింది, దేవుడు మనతో ఉన్నాడు, భయం లేదు. భయం లేదని చెబుతున్నానే గానీ, ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నేను గోడకు వీపు ఆనించుకునే కూర్చుంటాను.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలు. మైపాడు రోడ్డు మీద మా పల్లె నుంచి నెల్లూరికి పనికి పోవాలంటే సైకిలే. నేను రైసు మిల్లులో గుమాస్తాని. నా జతలో టైలరు మీరా మొహిద్దీన్ వచ్చేవాడు. అతని సైకిలు వెనక క్యారియరు మీద సమాధానం అని మా పల్లెవాడే ఒకడు కూర్చునేవాడు. మొహిద్దీన్ పనిచేసే అంగట్లోనే చొక్కాలకు కాజాలు కుట్టేవాడు. సొంత సైకిలు లేదు, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"కొంచెం తొక్కు మొహిద్దీనూ. గేదెలు గూడా మనల్ని దాటుకుని పోతుండాయి" అనేవాడు వెనక నుంచి.

"దిగి నువ్వు తొక్కరా సామీ, నేను కాజాలు కుట్టుకుంటా కూర్చుంటా" అనేవాడు మొహిద్దీన్.

సైకిలు మీద ఇద్దరు పోతే ఆ రోజుల్లో నేరం. నెల్లూరు మొదట్లో కాలవ వంతెన దగ్గర కానిస్టేబులు ఓబయ్య నిలబడి ఉండేవాడు. అందుకని వెనక కూర్చున్నవాళ్ళు వంతెనకు ఇవతలే దిగి, ఏమీ ఎరగనట్టు నడిచిపోయి, అవతల సున్నపు బట్టీ దగ్గర మళ్ళీ ఎక్కేవాళ్ళు. అందరూ చేసే పనే. ఓబయ్య కూడా చూసీ చూడనట్టు బీడీ వెలిగించుకునేవాడు.

డిసెంబరులో ఒక ఉదయం, మంచు దట్టంగా ఉన్నప్పుడు, సమాధానం అట్లాగే దిగాడు. అవతలికి రాలేదు. మొహిద్దీన్ బట్టీ దగ్గర కాసేపు చూశాడు. క్రిస్మసు బట్టలు కుట్టే కాలం, ఆలస్యమైతే అంగడాయన ఊరుకోడు. ఎవరితోనో మాటల్లో పడి ఉంటాడులే అనుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం లాకుల దగ్గర శవం తేలింది. మంచులో రోడ్డు అంచు కనపడక కాలవలో పడిపోయాడు.

సమాధి చేసిన కొన్నాళ్ళకే మొహిద్దీన్ పనికి పోవడం మానుకున్నాడు. అతని భార్య నూర్జాన్ మా ఇంటికొచ్చింది.

"సంజీవరావన్నా, రేపు గూడా రాకపోతే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తానని కబురు పంపినాడు అంగడాయన. ఈయన చూస్తే సైకిలు ముట్టుకోడు. మీరన్నా తీసకపోండి. పిల్లలకు అన్నం పెట్టేది ఆ మిషనే గదా."

నేను వెళ్ళేసరికి మొహిద్దీన్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భార్యకు వినపడకుండా చెప్పాడు.

"వంతెన దాకా బండి బరువుగా ఉంటాది అన్నా. అక్కడ తేలికవుతాది. అవతల నేను ఆగకుండా తొక్కతా. వెనక ఎవరో పరిగెత్తుకుంటా వస్తారు... పోయిన తూరి ఊపిరి నా మెడకు తగిలింది."

"రేపు నేను నీ జతలో ఉంటా. ఆగుదాం" అన్నాను. "మనం దించినోడే గదా. ఎక్కించుకుని అంగట్లో దించుదాం."

తెల్లారకముందే బయలుదేరాం. మంచు మొహానికి తడిగుడ్డలాగా అంటుకుంటున్నది. సరుగుడు తోపుల్లో ఆకు మీద నుంచి నీళ్ళు టపటపా రాలుతున్నాయి. గొలుసుల చప్పుడు, డైనమోల గుర్రుమనే చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. కాలవ దగ్గరపడేకొద్దీ కుళ్ళిన నాచు వాసన. మొహిద్దీన్ పక్కన తొక్కుతూనే ఎగరోజుతున్నాడు, కొండ ఎక్కుతున్నట్టు.

వంతెన ముందు అతని క్యారియరు కిర్రుమంది.

"అన్నా... దిగినాడు."

వెనక్కి చూడలేదు. వంతెన మీద ఓబయ్య కంబళి కప్పుకుని నిలబడి ఉన్నాడు. దాటాం. సున్నపు బట్టీ దగ్గర కాళ్ళు నేలకు ఆనించాం.

డైనమో దీపం సంగతి మీకు తెలుసు. తొక్కితేనే వెలుగు. ఆగితే చీకటే.

దీపాలు ఎర్రబడ్డాయి... ఆరిపోయాయి.

వెనక అడుగులు. పరుగు కాదు. నడక. తడిసిన పంచె కాళ్ళకు కొట్టుకునే చప్పుడు... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

మొహిద్దీన్ కాలు వణుకుతున్నది. అయినా పెడలు మీద పెట్టలేదు. ముందుకే చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఎక్కు, సమాధానం."

క్యారియరు కిర్రుమంది.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయమూ, జాలీ కలిసి నోటికొచ్చిన ప్రార్థన చేశాను. "ఈ దారిలో ఎవరు మిగిలిపోయినా ప్రభువు పేరట రండి. ఎక్కండి."

అంగడి దాకా తొక్కాం. నా కాళ్ళు సీసం పోసినట్టున్నాయి. భయమనుకున్నాను. చొక్కా వీపంతా తడిసిపోయింది. మంచు అనుకున్నాను. అంగడి మెట్టు దగ్గర మొహిద్దీన్ బండి ఒక్కసారిగా తేలికైంది. అతను లోపలికి పోయి మిషను ముందు కూర్చుని, మొహం గుడ్డలో పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత పనిలో పడ్డాడు. ఆ బరువు మళ్ళీ అతని జోలికి రాలేదు. దేవునికి స్తోత్రం.

సాయంత్రం ఇంటికి వస్తుంటే ఓబయ్య నన్ను ఆపాడు.

"మొహిద్దీన్ సంగతి నాకు తెలిసిందే. పెద్దమనిషివి, నువ్వు గూడా డబుల్సేనా?"

"నా వెనక ఎవరుండారు?"

"నన్నడగతావేంది. బట్టీ దగ్గర ఎక్కించుకోవడం చూడలేదనుకున్నావా? తడి కోక కట్టుకున్న ఆమె. నీ భుజాన చెయ్యేసుకుని కూర్చునింది."

ఆ సాయంత్రమే సైకిలు అంగట్లో క్యారియరు ఊడదీయించాను. రాత్రంతా మోకాళ్ళ మీదే ఉన్నాను. తెల్లవారి ఒంటరిగా బయలుదేరాను. వెనక బరువు లేదు. హమ్మయ్య అనుకున్నాను. బట్టీ దాటాక ఎందుకో హ్యాండిలు తిరగడం లేదు. చేతుల మధ్య చల్లగా ఉంది. నాచు వాసన...

తిరుగు దారిలో ఓబయ్య నన్ను చూసి నవ్వాడు.

"ఏందయ్యా, ఈ పొద్దు ముందర కూర్చోబెట్టుకున్నావే?"

నేను పేరు లేకుండా పిలిస్తే ఎక్కిన ఆమె ఎవరో ఆ కాలవ గట్టున అందరినీ అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. దిగమ్మా అని చెప్పాలన్నా పేరు కావాలి కదా.

అందుకని, నాయనలారా, మొహిద్దీన్ చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కాలు వణుకుతున్నా ఆగాడు. తను దించిన మనిషిని పేరు పెట్టి పిలిచాడు. మీరూ దారిలో ఎవరినైనా దించితే, వాళ్ళు మళ్ళీ ఎక్కేదాకా ఆగండి. పేరు పెట్టి పిలవండి. ఆ ఒక్క పేరే పిలవండి.